సున్నా వేసిన మిషన్లు

సోమవారం, 4

జ్వరం తగ్గింది. ఎనిమిది రోజుల తర్వాత పనిలోకి వెళ్ళాను. నేను లేనప్పుడు ఎవరో నా బెంచీ మీద టీ గ్లాసు పెట్టారు. గుండ్రటి మచ్చ. తుడిచాను.

ఇరవై రెండు గేమ్ మిషన్లు వాసన చూశాను. అన్నీ సున్నా.

ఏడేళ్ళలో ఒక్కరోజు కూడా అన్నీ సున్నాలు వచ్చినట్టు గుర్తులేదు. మంచి లాటు అయి ఉంటుంది.

మంగళవారం, 5

ఇరవై నాలుగు. ఇవీ సున్నాలే.

సూపర్‌వైజర్ రిజిస్టర్ చూసి, "ముక్కక్కా, జ్వరం నీకు తగ్గిందా, మిషన్లకి తగ్గిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాసన బెంచీలో కూర్చున్న మొదటి నెలలోనే నాకా పేరు పెట్టారు. ఫ్యాన్ చప్పుడు వినే ఆయన చెవులాయన. మా అసలు పేర్లు జీతం కాగితాల మీదే ఉన్నాయి.

చెవులాయన నవ్వలేదు. ఆయన ఫ్యాన్లు వినే ప్లైవుడ్ పెట్టెలో ఉన్నాడు, వినిపించి ఉండదు.

బుధవారం, 6

ఇరవై మూడు.

పొద్దున పాలు మాడిపోయాయి. స్టౌ ముందే నిలబడి ఉన్నాను. గిన్నె అడుగు నల్లబడి పొగ లేచేదాకా తెలియలేదు. అత్తయ్య మంచం మీంచి అరిచారు.

"అమ్మాయ్! ముక్కుందా, అద్దెకిచ్చావా?"

"ఏదో ఆలోచిస్తున్నా అత్తయ్యా."

"ఆలోచించేది బుర్రతో కదా. ముక్కుకి ఖాళీయే కదా."

జలుబు. జ్వరం పోయినా జలుబు వారం ఉంటుంది.

గురువారం, 7

ఇరవై అయిదు.

అత్తయ్య మోకాళ్ళ నొప్పుల మందు డబ్బా మూత తీసి పీల్చాను. కళ్ళ నీళ్ళొచ్చాయి. వాసన రాలేదు. వెనిగర్ సీసా. కిరోసిన్ గుడ్డ. సబ్బు.

దారిలో డాక్టర్ని కలిశాను. ఈ జ్వరం తర్వాత కొందరికి అలా అవుతుందట. రెండు వారాలన్నాడు.

ఇవాళ్టి ఇరవై అయిదింట్లో నాలుగింటికి ఒకటి వేశాను, రెండింటికి రెండు వేశాను. గాలి బయటికొచ్చే జాలీలో దుమ్ము కనిపిస్తే ఒకటి. వెనక స్టిక్కర్ అంచు లేచి ఉంటే రెండు. కళ్ళతో కూడా చాలా తెలుస్తుంది.

శుక్రవారం, 8

ఇరవై నాలుగు.

పెద్దాఫీసు వాళ్ళు తనిఖీకి వస్తారట. ఏ బెంచీలో పని ఎలా చేస్తారో ఎవరిది వాళ్ళు అరపేజీ రాసివ్వమన్నారు. నేను రాసిచ్చింది ఇది. నకలు ఉంచుకుంటున్నాను.

"కొన్నవాళ్ళు తిప్పి పంపిన చేతి గేమ్ మిషన్లు, మళ్ళీ అమ్మకానికి పెట్టే ముందు, మొదట స్క్రీను, మీటల బెంచీకి, తర్వాత ఫ్యాన్ బెంచీకి, చివర వాసన బెంచీకి వస్తాయి. చల్లగా ఉన్న మిషన్ ఏమీ చెప్పదు. బరువైన గేమ్ పెట్టి ఇరవై నిమిషాలు నడిపించాలి. జాలీకి బెత్తెడు దూరంలో ముక్కు పెట్టి రెండు చిన్న శ్వాసలు తీసుకోవాలి. ఒక్క పెద్ద శ్వాస తీసుకోకూడదు. వేడి ప్లాస్టిక్ వాసన మాత్రమే ఉంటే సున్నా. దుమ్ము, సిగరెట్టు, వంటింటి వాసన ఉంటే ఒకటి. జిగురు వాసన ఉంటే రెండు. కాలిన వాసనకి మూడు. తియ్యటి వాసన, గోళ్ళరంగు తుడిచే మందులాంటిది, నాలుగు. నాలుగు అంటే బ్యాటరీ కారుతోంది. వెంటనే ఆపి ఇసుక బకెట్‌లో పెట్టి సూపర్‌వైజర్‌కి చెప్పాలి. వాసన ముందు వస్తుంది, ఉబ్బు తర్వాత వస్తుంది. ఉబ్బితే కంటికి కనిపిస్తుంది, కానీ అప్పటికి ఆలస్యం. ఈ బెంచీ మనిషి సెంటు పూసుకోకూడదు, పచ్చి ఉల్లిపాయ తినకూడదు. ప్రతి ఆరు మిషన్లకోసారి తన మోచేతి మడత వాసన చూసుకుని ముక్కుని సరిచేసుకోవాలి."

సూపర్‌వైజర్ చదివి, "బావుందక్కా, పుస్తకంలా రాశావ్" అన్నాడు.

"కళ్ళతో చూసి వేయాలి" అని అందులో ఎక్కడా రాయలేదు.

శనివారం, 9

ఒంటిపూట. పద్నాలుగు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెవులాయన నా ఎదురుగా కూర్చున్నాడు. ఆయనకి యాభై ఎనిమిది. రోజంతా స్పాంజి అతికించిన ప్లైవుడ్ పెట్టెలో ఒక్కడే కూర్చుని ఫ్యాన్లు వింటాడు. ఈల, గరగర, కీచు, తుమ్మెద. ఆయన రిజిస్టర్‌లో ఉండే మాటలవే. ఒకసారి ఎవరో "విమానం లేస్తున్నట్టుంది" అని ఫిర్యాదు రాస్తే, కింద "పరీక్షించాను, లేవలేదు" అని రాశాడు. దానికి పెద్దాఫీసు నుంచి మెమో వచ్చింది.

"తల్లీ, ఈ వారం నీ బెంచీ దగ్గర ఒక చప్పుడు తగ్గింది."

"ఏం చప్పుడు బాబాయ్?"

"ముక్కు చప్పుడు. ఇదివరకు రెండు శ్వాసలు, ఆగడం, రెండు శ్వాసలు. ఇప్పుడు నాలుగైదు పీలుస్తున్నావ్. బావిలో నీళ్ళు లేకపోతే చేద అలాగే కొట్టుకుంటుంది."

"ఆ పెట్టెలో ఉండి నా ముక్కు కూడా వింటున్నావా?"

"తలుపు తీసినప్పుడల్లా వింటా. వద్దంటే మాత్రం చెవులు మూసుకుంటాయా?"

తినడం కానిచ్చాను. ఆయనే మళ్ళీ అన్నాడు. "నీ బదులు నేను చూసేవాణ్ణే. కానీ నా ముక్కు ముప్పై ఏళ్ళుగా ముక్కుపొడుం డబ్బాకి తాకట్టు. సూపర్‌వైజర్‌కి చెప్పెయ్."

"రెండు వారాల్లో వస్తుందన్నాడు డాక్టరు."

"ఈ రెండు వారాలూ బ్యాటరీలు సెలవు పెట్టాయా?"

ఆదివారం, 10

అత్తయ్య మధ్యాహ్నం కూర వడ్డించారు. తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను. నేను చెయ్యి కడుక్కుని వచ్చాక గిన్నె తీసి చెత్తబుట్టలో బోర్లించారు.

"ఏంటత్తయ్యా?"

"మొన్నటిది. పాసిపోయింది. గుమ్మం దాటి కంపు కొడుతోంది. నువ్వు లొట్టలేసుకుంటూ తిన్నావు."

"తెలిసే పెట్టారా?"

"అడిగితే జలుబంటావు. అందుకే పెట్టా. రెండు ముద్దలకే ఆపేస్తావనుకున్నా గానీ మళ్ళీ వేయించుకుంటావని ఎవరికి తెలుసు?"

సాయంత్రం కడుపులో తిప్పింది. అత్తయ్యే నిమ్మకాయ పిండి ఇచ్చారు. మావారు పోయి ఆరేళ్ళు. అప్పటి నుంచి ఈ ఇంట్లో మేమిద్దరమే. సంపాదించేది నేనొక్కదాన్నే. ఆ మాట ఆవిడ అనలేదు.

"నీ ఉద్యోగం ముక్కుదే కదా" అన్నారు, అంతే.

సోమవారం, 11

ఇరవై ఆరు. మోచేయి వాసన చూసుకున్నాను. రాలేదు. అలవాటు కొద్దీ ప్రతి ఆరింటికీ చూసుకుంటూనే ఉన్నాను.

కాసేపు ఏదో వచ్చినట్టనిపించింది. పదకొండో మిషన్ దగ్గర. దానికి ఒకటి వేశాను.

మంగళవారం, 12

ఇరవై అయిదు. నిన్న పదకొండో మిషన్ దగ్గర ఏమీ రాలేదు. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

బుధవారం, 13

ఇరవై ఎనిమిది. సూపర్‌వైజర్ "రికార్డు" అన్నాడు. వాసన రాకపోతే పని తొందరగానే అవుతుంది.

గురువారం, 14

పదకొండింటికి సూపర్‌వైజర్ పిలిచాడు. బల్ల మీద ఇనప డబ్బా, అందులో ఒక మిషన్. వెనక భాగం ఉబ్బి, అతుకు దగ్గర గోరు పట్టేంత సందు. దానితోపాటు ఉత్తరం ఉంది. మూడు వాక్యాలు. "కొని అయిదు రోజులైంది. మాగిన పండు వాసన వస్తే మంచిదే అనుకున్నాం. మా అమ్మాయి దీన్ని దుప్పట్లో పెట్టుకుని ఆడుతుంది."

"నాలుగో తారీఖు లాటు. నువ్వు సున్నా వేశావక్కా."

రిజిస్టర్‌లో వరస పదిహేడు. నా పొడి సంతకం.

"దార్లో దెబ్బ తగిలి ఉంటుందా?" అన్నాడు. అడగడం కాదు అది. నా చేతికి ఒక సాకు అందించడం.

"అయ్యుండొచ్చు" అన్నాను.

ఇవాళ ఎన్ని మిషన్లు చూశానో లెక్క పెట్టలేదు. తలనొప్పి అని చెప్పి రిజిస్టర్‌లో ఏమీ రాయకుండా వచ్చేశాను.

అయ్యుండొచ్చు అన్నాను.

ఆ పిల్ల వయసు ఎంతో ఉత్తరంలో లేదు.

శుక్రవారం, 15

సెలవు పెట్టాను. లెక్క చూశాను.

నాలుగో తారీఖు నుంచి పదమూడు దాకా, తొమ్మిది పనిదినాల్లో 211 మిషన్లు. కిందటేడాది రిజిస్టర్ నుంచి రాసుకున్న లెక్క ప్రకారం 6,120 మిషన్లలో నాలుగు పడినవి 74. సగటున ఎనభై మూడింటికి ఒకటి. అంటే 211లో రెండు, కాకపోతే మూడు. ఒకటి తిరిగొచ్చింది.

డాక్టర్ రెండు వారాలు అనలేదు. "రెండు వారాలు పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు, రాకపోనూ వచ్చు" అన్నాడు. మూడు మాటల్లో నేనొకటే ఇంటికి తెచ్చుకున్నాను.

అత్తయ్యకి చెప్పాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. ఒలవడం ఆపలేదు.

"చెప్తే ఉద్యోగం పోతుందా?"

"పోతుంది."

"చెప్పకపోతే?"

"ఎవరి ఇంట్లోనో అంటుకోవచ్చు. అంటుకోకపోవచ్చు."

"అంటుకుంటే నువ్వు నిద్రపోతావా?"

"లేదు."

"నువ్వు దొర్లుతుంటే నాకూ నిద్రపట్టదు. రేపే చెప్పిరా."

శనివారం, 16

చెప్పాను.

సూపర్‌వైజర్ తలుపు వేశాడు. కాసేపు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. అతనికి ముప్పై నాలుగు. ఈ కుర్చీలోకి వచ్చి ఎనిమిది నెలలు.

"అక్కా, ఇది నేను విన్నానని రాస్తే రెండొందల పదకొండూ వెనక్కి పిలవాలి. నా లాట్లన్నీ తవ్వుతారు. కొరివితో తల గోక్కోమంటావా?"

"గోక్కోవద్దు సార్. ఎక్కడెక్కడున్నాయో చూడండి చాలు."

కంప్యూటర్‌లో చూశాడు. 139 ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయి. 72 అమ్ముడయ్యాయి. తిరిగొచ్చింది పోను 71.

గోడౌన్‌లో ఉన్నవాటికి ఇంకో సెంటర్ నుంచి వాసన చూసే ఆవిడని రెండు రోజులకి అరువు తెస్తానన్నాడు. కాగితం మీద "ఫ్యాన్ సందేహం" అని రాస్తాడట. దానికి చెవులాయన సంతకం కావాలి. ఆయన్ని పిలిస్తే పెట్టెలోంచి వచ్చి, కాగితం చదివి, సంతకం పెట్టాడు. "నలభై ఏళ్ళ సర్వీసులో మొదటి దొంగ సంతకం. ఫ్యాన్లు వింటే నవ్వుతాయి" అన్నాడు.

అమ్ముడైన 71 నాకు వదిలేశాడు. సర్వీసు ఎలా ఉందో కనుక్కునే ఫోన్ల పేరు మీద చెయ్యొచ్చు. ఒక షరతు. "వాసన గురించి అడుగు. బ్యాటరీ మాట మాత్రం ఎత్తకు."

వాసన బెంచీ నుంచి నన్ను తీసేశాడు. కారణం జలుబు.

సోమవారం, 18

గోడౌన్ వెనక గదిలో బల్ల, ఫోను, జాబితా. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చున్నాను. ముప్పై రెండు అయ్యాయి.

ఒకటే పాట. "నమస్కారమండీ, మీరు కొన్న గేమ్ మిషన్ గురించి. ఇరవై నిమిషాలు ఏదైనా పెద్ద గేమ్ ఆడి, పైన గాలి వచ్చే చోట బెత్తెడు దూరం నుంచి వాసన చూసి చెప్తారా? మళ్ళీ ఫోన్ చేస్తాను."

మిషన్‌తో వచ్చే చిన్న పుస్తకంలో "జాలీ దగ్గర ముఖం పెట్టవద్దు" అని కంపెనీయే రాసింది. పెట్టమని ఫోన్ చేస్తున్నది నేను. ఒకాయన పుస్తకం తీసి ఆ వాక్యం చదివి వినిపించాడు.

కొన్ని జవాబులు.

"నేనేమన్నా కుక్కనా, వాసన చూడ్డానికి?"

"మా ఆయన సాక్సు వాసన. మిషన్‌ది కాదేమో, పక్కనే ఉన్నాడు."

"కొత్త పుస్తకం తెరిచినట్టుంది మేడమ్. నేను రోజూ చూస్తా. ఇందులో తప్పేం లేదు కదా?" ఈ మాట గొంతు తగ్గించి నలుగురు అన్నారు. తప్పేం లేదన్నాను. నిజానికి నాక్కూడా ఆ వాసన ఇష్టం. ఏడేళ్ళు ఎవరికీ చెప్పలేదు, పని మీద ఇష్టం ఉందంటే ఇంకాస్త పని ఇస్తారని.

"వాసన సంగతి దేవుడెరుగు, ఆ ఫ్యాన్ గోలకి పక్కింటివాళ్ళు మిక్సీ కొన్నారా అని అడిగారు."

నేను కళ్ళతో చూసి సున్నా వేసిన వాటిని, ముక్కున్న వాళ్ళు చూసి పేర్లు పెడుతున్నారు. ఎదురుగా కాగితం మీద నేను కొత్త అంకెలు వేసుకుంటున్నాను. సున్నాలు పద్దెనిమిది, ఒకట్లు పదకొండు, రెండ్లు మూడు.

మంగళవారం, 19

గోడౌన్‌లో నాలుగు పడాల్సినది ఒకటి దొరికింది. పదకొండో తారీఖుది. అరువొచ్చిన ఆవిడ రెండు శ్వాసల్లో పట్టేసింది. దాన్ని ఇసుకలో పెట్టడం గది గుమ్మంలోంచి చూశాను.

తిరిగొచ్చినదొకటి, ఇదొకటి. రెండు.

ఫోన్లు ఇరవై ఎనిమిది. మొత్తం అరవై. అన్నీ సున్నా, ఒకటి, రెండు.

ఒకావిడ "మీరు ఎందుకు అడుగుతున్నారో నిజం చెప్పండి" అంది. సర్వీసు కోసమని చెప్పాను. "గొంతులో సర్వీసు లేదు, భయం ఉంది" అని పెట్టేసింది.

బుధవారం, 20

పది. మధ్యాహ్నం పన్నెండింటికి దొరికింది.

మగగొంతు. దర్జీ. వెనక కుట్టుమిషన్ ఆడుతోంది. గేమ్ మిషన్ తనకి కాదు, పనివాళ్ళు మధ్యాహ్నం వంతులేసుకుని ఆడుకుంటారట. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ చేశాను.

"ఏముందమ్మా, తియ్యగా ఉంది."

"తియ్యగా అంటే? పండులాగా?"

"పండు కాదు. మా చెల్లెలు గోళ్ళకి రంగు తుడుచుకునేది ఉంటుంది చూడు. ఆ మందు."

"బల్ల మీద వెల్లకిలా పెట్టండి. మూల మీద నొక్కితే ఊగుతుందా?"

"కొద్దిగా ఊగుతోంది. ఏం?"

షరతు గుర్తుంది. ఆయన చుట్టూ బట్టలున్నాయని కూడా గుర్తుంది.

"బ్యాటరీ కారుతోంది. ఆపెయ్యండి. ఛార్జింగు పెట్టొద్దు, వెనక మూత తియ్యొద్దు. ఇనప బాణలి ఏదైనా ఉంటే అందులో పెట్టి బట్టలకి దూరంగా ఆరుబయట రాతి మీద పెట్టండి. మా మనుషులు వచ్చి తీసుకెళ్తారు."

కుట్టుమిషన్ ఆగింది. ఆయన ఎవరినో కేకేశాడు. ఫోన్ పెట్టకుండానే పరిగెత్తినట్టున్నాడు, చాలాసేపు గది చప్పుళ్ళే వినిపించాయి. తిరిగొచ్చి, "పెట్టేశాం. దాని మీద తనిఖీ అయింది అని స్టిక్కరుంది కదమ్మా. ఎవరు చేశారు తనిఖీ?" అన్నాడు.

"నేనే."

ఆయన బూతులు తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇక్కడ ఎనిమిది మందిమి" అన్నాడు.

రెండు గంటలకి ఆయన పెద్దాఫీసుకి ఫోన్ చేశాడు. మూడింటికి సూపర్‌వైజర్ నా గదిలోకి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ మాట ఎత్తొద్దన్నాను కదక్కా."

"అన్నారు సార్."

"ఎత్తకపోతే ఏమయ్యేదో?"

"తెలీదు సార్."

"నాకూ తెలీదు. అదే కంపరంగా ఉంది." కాగితం ముందుకు లాక్కుని, "నువ్వు పదహారున చెప్పావని రాస్తున్నా. 'ఫ్యాన్ సందేహం' నేనే కల్పించానని కూడా రాస్తున్నా. చెవులాయన్ని ఇందులోకి లాగను" అన్నాడు.

ఇంక ఒకటే మిగిలింది. వరస అరవై ఎనిమిది. మూడు రోజులుగా ఆ నంబరు పలకడం లేదు.

గురువారం, 21

మూడు దొరికాయి. లెక్క ప్రకారం రెండు లేదా మూడు. కాబట్టి అరవై ఎనిమిది శుభ్రంగానే ఉండాలి. చెవులాయనకి ఇదే చెప్పాను.

"లెక్క నీకు తెలుసు తల్లీ. మిషన్‌కి తెలుసా?"

అడ్రసు రాసుకున్నాను. రేపు వెళ్తాను.

శుక్రవారం, 22

రెండు బస్సులు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తలుపు కొట్టకముందే ఫ్యాన్ వినిపించింది. ఏడేళ్ళు చెవులాయన పక్కన కూర్చున్నాను. ఆ మాత్రం నాకూ తెలుసు. తుమ్మెద. మంచి ఫ్యాన్.

"తలుపు తీసే ఉంది, తొయ్యండి!"

ఒకావిడ మంచం మీద ఉంది. అరవై దాటి ఉంటాయి. తుంటి ఎముక విరిగి నాలుగో నెల అట. భర్త ఒక ఫ్యాక్టరీలో కాపలా, పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వస్తాడు. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడింది. మిషన్ ఆవిడ గుండెల మీద, రెండు చేతుల మధ్య ఉంది. తెర మీద ఒక చిన్న పొలం. ఆవిడ నీళ్ళు పోస్తోంది.

"కూర్చోమ్మా. ఈ మడి అయ్యాక మాట్లాడతా, లేకపోతే ఎండిపోతుంది."

కూర్చున్నాను. మడి అయింది.

"ఆయన పాతది తెచ్చాడని మొదట్లో సణిగాను. ఇప్పుడు దీని చప్పుడు లేకపోతే తోచదు. ఇంట్లో ఇంకో మనిషి ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది. చెప్పు, ఏంటి పని?"

వాసన ఎలా ఉందో చూసి చెప్పమన్నాను. చూసింది. ఏమీ లేదంది. కానీ గదినిండా మందుల సీసాలు, నూనెలు, తడి గుడ్డలు. ఆవిడ ముక్కు నాలుగు నెలలుగా వాటిలోనే ఉంది. ఆ జవాబు మీద నేను సున్నా వేయలేను.

"నువ్వే చూడమ్మా, నీ పనే కదా."

"నాకు వాసన రాదండీ."

ఆవిడ గేమ్ ఆపింది. ఫ్యాన్ ఆగలేదు.

మొత్తం చెప్పాను. జ్వరం, సున్నాలు, ఉబ్బిన మిషన్, దుప్పట్లో ఆడే పిల్ల, దర్జీ. ఎక్కడా తగ్గించలేదు. చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆవిడ మిషన్‌ని గుండెల మీంచి తీసి పక్కన పెట్టింది. తర్వాత ఇంకొంచెం దూరం జరిపింది.

"చూడకుండా చూశానని రాసి పంపావు. ఇప్పుడు చూడలేదని చెప్పడానికి మూడంతస్తులెక్కి వచ్చావు. ఇందులో ఏ మనిషిని నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దండీ. వాసన వచ్చే మనిషిని పిలుద్దాం."

పక్కింట్లో ఒకాయన ఉన్నాడు. కార్లకి రంగులేసే పని, సెలవు రోజు. బనీనుతోనే వచ్చాడు. మిషన్‌ని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాం, గది వాసన లేని చోటికి. మోచేతి మడత చూసుకోమన్నాను. "నా మోచేయి నేను చూసుకోవడమేంటి?" అంటూనే చూసుకున్నాడు. రెండు చిన్న శ్వాసలు. మళ్ళీ మోచేయి. మళ్ళీ రెండు.

"తియ్యగా ఏమన్నా ఉందా అన్నా?"

"లేదు."

"గోళ్ళరంగు తుడిచే మందు?"

"అమ్మా, నేను రోజంతా థిన్నర్‌లో బతుకుతా. ఆ జాతి వాసన నాకు వీధి చివర్నుంచే తెలుస్తుంది. ఇందులో లేదు. వేడి ప్లాస్టిక్, అంతే."

మెట్ల మీద చదునుగా పెట్టి మూలలు నొక్కాను. ఊగలేదు. సున్నా. ఈ నెలలో నిజంగా చూసి వేసిన సున్నా అదే, అదీ వేరే మనిషి ముక్కుతో.

లోపలికి వచ్చి ఆవిడకి చెప్పాను. ఏ లోపమూ లేదు, హాయిగా ఆడుకోవచ్చు.

ఆవిడ దాని వంక చూసింది. చెయ్యి చాపలేదు.

"తీసుకెళ్ళమ్మా."

"బావుందండీ ఇది. ఆయన చూశాడు కదా."

"చూశాడు. బావుంది. నువ్వు రాకముందు కూడా బావుంది." దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "ఇంక దాన్ని గుండెల మీద పెట్టుకుని పడుకోలేను. ఫ్యాన్ కాస్త గట్టిగా తిరిగితే చాలు, లేవలేని మనిషిని, ఎక్కడికి పరిగెడతాను?"

ఇంకో మిషన్ పంపిస్తానన్నాను. వద్దంది. కోపంగా కాదు.

"ఆ పొలం ఏమవుతుంది?" అని అడిగాను. అదేం ప్రశ్నో.

"ఎండిపోతుంది" అంది.

మెట్లు దిగేటప్పుడు అది నా సంచిలో నడుస్తూనే ఉంది. ఆపడం మర్చిపోయాను. కాదు, మర్చిపోలేదు. బస్‌స్టాప్ దాకా అలాగే ఉంచాను. అక్కడ ఆపాను.

శనివారం, 23

వాపసు ఫారం నింపాను. వరస అరవై ఎనిమిది. ఫ్యాన్: మంచిది. వాసన: సున్నా, పరీక్షించినది కారు రంగుల పనివాడు. కారణం అన్న గడిలో ఏం రాయాలో పట్టిక ఉంటుంది. శబ్దం, వాసన, వేడి, తెర, మీటలు. అవేవీ కాదు. "కొన్నావిడకి నమ్మకం పోయింది" అని రాశాను.

సూపర్‌వైజర్ చదివాడు. "ఇది పట్టికలో లేదక్కా."

"లేదు సార్."

కొట్టేస్తాడనుకున్నాను. కింద తన సంతకం పెట్టాడు.

సోమవారం పదింటికి పెద్దాఫీసుకి రమ్మన్నారు. ఏడేళ్ళ రిజిస్టర్లు, గుర్తింపు కార్డు వెంట తెమ్మన్నారు. రిజిస్టర్లు బరువుగా ఉన్నాయి. చెవులాయన రెండో కట్ట తను మోస్తానన్నాడు.